డ్యూటీ దిగి వస్తూ దారిలో ప్రమాదం: కార్మికుల నష్టపరిహారంపై సుప్రీంకోర్టు తీర్పు మా చెల్లెలికి వర్తిస్తుందా?

గట్టుమీది_చెట్టు:
సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలి భర్త ఒక ప్యాకింగ్ మెటీరియల్ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరుగా పనిచేసేవాడు. వయసు 35. 2024 నవంబరు 19న రాత్రి షిఫ్టు ముగించుకొని మోటారు సైకిలు మీద ఇంటికి వస్తుండగా, గేటుకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో బండి జారి, తలకు దెబ్బ తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. ఎదురుగా వేరే వాహనం ఏదీ లేదు. చెల్లెలికి ఇద్దరు పిల్లలు, అత్తగారు కూడా ఆమె దగ్గరే ఉన్నారు.

దశదిన కర్మ అయిన తరువాత ఫ్యాక్టరీకి వెళ్లి అడిగితే, "ఇది రోడ్డు ప్రమాదం, మా ఆవరణలో జరిగింది కాదు, పైగా హెల్మెట్ లేదు, కాబట్టి మాకు సంబంధం లేదు" అన్నారు. నిరుడు జూలైలో సుప్రీంకోర్టు, పనికి వెళ్లే దారిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి పరిహారం ఇప్పించిందని పేపర్లో చదివాను. ఆ తీర్పు మాకు వర్తిస్తుందా? ఇప్పటికే ఏడాది దాటింది, ఇంకా గడువు ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాత_గుమస్తా:
ముందుగా మీ కుటుంబానికి నా సానుభూతి. నేను కార్మిక శాఖ కార్యాలయంలో పాతికేళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. గడువు గురించి మొదట చెబుతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నీ దాని తరువాతే. ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1923 పదో సెక్షన్ ప్రకారం, మరణం సంభవించిన తేదీ నుంచి 2 సంవత్సరాల లోపు, ఈ పరిహారం కేసులు విచారించే కమిషనర్ ఎదుట క్లెయిమ్ వేయాలి. అంటే మీకు 2026 నవంబరు వరకు సమయం ఉంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా కమిషనర్‌కు ఉంది గాని, దాని మీద ఆశ పెట్టుకొని కూర్చోవద్దు.

రెండు సంగతులు చెప్పండి. ఆయనకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కటింగ్ ఉండేదా? నెల జీతం ఎంత?

గట్టుమీది_చెట్టు:
పాత గుమస్తా గారూ, ధన్యవాదాలు. చివరి జీతం చీటీలో రూ. 23,400 అని ఉంది. ఈఎస్ఐ కటింగ్ లేదు, పీఎఫ్ ఒక్కటే ఉంది. ఫ్యాక్టరీలో నేరుగా చేరిన ఉద్యోగే, కాంట్రాక్టరు ద్వారా కాదు.

పాత_గుమస్తా:
అయితే మీ దారి 1923 చట్టమే. ఈఎస్ఐ పరిధి నెలకు రూ. 21,000 జీతం వరకే. ఆ పరిధిలో ఉండి బీమా పొందిన వ్యక్తి అయితే ఈఎస్ఐ చట్టం 53వ సెక్షన్ కింద ఈ క్లెయిమ్‌కు అడ్డంకి వస్తుంది. అప్పుడు ఈఎస్ఐ నుంచే ఆశ్రితుల పింఛను తీసుకోవాలి.

ఈ చర్చ చదివే ఇతరుల కోసం ఒక మాట. "మా వాడికి ఈఎస్ఐ కట్టలేదు కాబట్టి ఈఎస్ఐ వర్తించదు" అని చాలామంది అనుకుంటారు. చందా కట్టవలసిన ఉద్యోగి అయితే చాలు, యజమాని కట్టకపోయినా అతడు బీమా పొందిన వ్యక్తే. 2003లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. ఎగవేసిన చందాను యజమాని నుంచి రాబట్టుకోవడం ఈఎస్ఐ కార్పొరేషన్ పని, అందుకోసం కుటుంబాన్ని తిప్పి పంపకూడదు. అది తెలియక తప్పు కార్యాలయంలో కేసు వేసి, అక్కడ కొట్టివేయించుకొని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన కుటుంబాలను నేను చాలా చూశాను.

నల్లకోటు:
నేను కార్మిక కేసులు చూసే న్యాయవాదిని. మీరు అడిగిన తీర్పు 2025 జూలై 28న జస్టిస్ మనోజ్ మిశ్రా, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం ఇచ్చినది. దానిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పత్రికల్లో ఒక్క వాక్యంగా వచ్చిన దానికీ, కోర్టు నిజంగా చెప్పిన దానికీ మధ్య మీ కేసుకు అవసరమైన విషయమే ఉంది.

మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారం కాపలాదారుడు 2003 ఏప్రిల్ 22న తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి మోటారు సైకిలు మీద బయలుదేరి, కర్మాగారానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో చనిపోయాడు. కమిషనర్ రూ. 3,26,140 పరిహారం, దానిపై 12 శాతం వడ్డీ ఇప్పించారు. బీమా కంపెనీ అప్పీలుకు వెళితే, పనిస్థలం చేరకముందే జరిగింది కాబట్టి ఉద్యోగ క్రమంలో జరిగినట్టు కాదని బొంబాయి హైకోర్టు కమిషనర్ ఉత్తర్వును కొట్టివేసింది. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దు చేసి, కమిషనర్ ఉత్తర్వును పునరుద్ధరించింది.

ఎందుకు అన్నది ముఖ్యం. 1923 చట్టం మూడో సెక్షన్‌లో "ఉద్యోగం వల్ల, ఉద్యోగ క్రమంలో" జరిగిన ప్రమాదం అని మాత్రమే ఉంది, రాకపోకల ప్రస్తావన లేదు. ఈఎస్ఐ చట్టంలో మాత్రం 2010లో 51-ఇ సెక్షన్ చేర్చారు. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్లేటప్పుడు గాని, డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చేటప్పుడు గాని జరిగిన ప్రమాదాన్ని, దాని పరిస్థితులకూ, సమయానికీ, స్థలానికీ ఉద్యోగంతో సంబంధం రుజువైతే, ఉద్యోగ ప్రమాదంగానే పరిగణించాలని ఆ సెక్షన్ చెబుతుంది. ధర్మాసనం రెండు మెట్లు ఎక్కింది. ఒకటి, 51-ఇ కొత్త హక్కు సృష్టించలేదు, ఉన్న సందేహాన్ని తీర్చింది, కాబట్టి అది వెనుకటి ప్రమాదాలకూ వర్తిస్తుంది. రెండు, రెండు చట్టాల లక్ష్యమూ ఒకటే, వాడిన మాటలూ అవే, కాబట్టి 1923 చట్టంలోని మాటలకూ అదే అర్థం చెప్పాలి.

దీని విలువ తెలియాలంటే పాత పరిస్థితి చూడండి. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసులో కార్మికుడు సాయంత్రం 4.30 షిఫ్టుకు సైకిలు మీద వెళుతూ 4.15కు ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో లారీ తగిలి గాయపడ్డాడు. పావుగంటలో గేటు లోపల ఉండవలసిన మనిషికి, పని ఇంకా మొదలు కాలేదని ప్రయోజనం నిరాకరించారు. దాదాపు ముప్పై ఏళ్లపాటు మేము ఏ కేసు వేసినా అవతలి న్యాయవాది ఆ తీర్పునే బల్ల మీద పెట్టేవాడు.

మీ విషయంలో ప్రమాదం తిరుగు ప్రయాణంలో జరిగింది. 51-ఇలో రానూ పోనూ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ తేడా అడ్డు కాదు. అయితే దారిలో జరిగిన ప్రతి ప్రమాదానికీ పరిహారం వస్తుందని కోర్టు చెప్పలేదు. సమయం, స్థలం, పరిస్థితి ఈ మూడింటికీ పనితో ముడి ఉందని మీరు రుజువు చేయాలి. ఆయన షిఫ్టు ఎన్ని గంటలకు దిగాడు, ప్రమాదం ఎన్నింటికి జరిగింది, నేరుగా ఇంటి దారిలోనే ఉన్నాడా?

గట్టుమీది_చెట్టు:
షిఫ్టు ఉదయం 6 గంటలకు ముగుస్తుంది. ఎఫ్ఐఆర్‌లో ప్రమాద సమయం సుమారు 6.50 అని రాశారు. దాచడం ఎందుకు, ఒక విషయం చెప్పాలి. చిన్న పిల్లకు జ్వరంగా ఉంటే, దారిలో మెడికల్ షాపు దగ్గర ఆగి మందు తీసుకున్నాడు. ఆ సీసా బండి పెట్టెలో పగలకుండా దొరికింది, ఈనాటికీ చెల్లెలు దానిని పారేయలేదు. షాపు అదే రోడ్డు మీద ఉంది, పక్కకు తిరగలేదు. దీనివల్ల కేసు పోతుందా?

నల్లకోటు:
పోతుందని నేను అనుకోను. పని నుంచి ఇంటికి వచ్చే మామూలు దారి వదిలిపెట్టి, పూర్తిగా సొంత పని మీద వేరే ఊరు వెళ్లి ఉంటే ముడి తెగిందని వాదించవచ్చు. అదే రోడ్డు మీద కొద్ది నిమిషాలు ఆగి, మళ్లీ అదే రోడ్డున ఇంటికి బయలుదేరిన తరువాత జరిగిన ప్రమాదం ఇది. 11 కిలోమీటర్ల దూరానికి, మధ్యలో ఒక ఆగుడుకు, 50 నిమిషాలు సరిపోతాయి. ఈ సంగతిని మీ దరఖాస్తులో మీరే రాయండి. షాపు బిల్లు ఉంటే జతచేయండి. మనం చెప్పని దానిని అవతలివారు ఎదురు ప్రశ్నల్లో బయటికి తీస్తే, చిన్న విషయమే పెద్ద అనుమానంగా మారుతుంది.

హెల్మెట్ మాట పట్టించుకోవద్దు. ఇది తప్పు ఎవరిదని తేల్చే చట్టం కాదు, కార్మికుడి అజాగ్రత్త ఉన్నా పరిహారం పోదు. మద్యం మత్తు, భద్రతా నియమాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం వంటి మినహాయింపులు ఉన్నాయి గాని, మరణం సంభవించినప్పుడు, శాశ్వత పూర్తి వైకల్యం కలిగినప్పుడు ఆ మినహాయింపులు యజమానికి పనికిరావని మూడో సెక్షన్ స్వయంగా చెబుతుంది.

స్టీరింగ్_ముప్పయ్యేళ్లు:
నేను లారీ డ్రైవర్ని, ముప్పై ఏళ్లుగా రోడ్ల మీదే ఉన్నాను. మా వాళ్లకు ఆవరణ, గేటు అనేవి ఉండవు. అందువల్ల మా కేసుల్లో ఈ ముడి గురించిన తగాదా ఎప్పుడూ ఉన్నదే. మా యూనియన్ సమావేశంలో ఒక న్యాయవాది చెప్పిన రెండు తీర్పులు నా మనసులో నిలిచిపోయాయి.

ఒకటి 2009 నాటిది. యాత్రికులను గుడికి తీసుకువెళ్లిన డ్రైవరు, కోనేటి మెట్ల మీద కూర్చొని ఉండగా జారి నీళ్లలో పడి చనిపోయాడు. పనితో సంబంధం లేదని పరిహారం రాలేదు. రెండోది 2020 మార్చి నాటిది. జూన్ నెల ఎండలో లారీ తోలుకుంటూ పోతున్న ఇరవై మూడేళ్ల కుర్రవాడు, డబ్బాతో నీళ్లు తేవడానికి యమునా కాలువ దగ్గరకు దిగి, కాలుజారి మునిగిపోయాడు. హైకోర్టు కాదన్నా, సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి పరిహారం ఇప్పించింది. ఆ ఎండలో బండిని చల్లబరచడం, తాను తెలివిగా ఉండేలా చూసుకోవడం డ్రైవరు పనిలో భాగమేనని కోర్టు గుర్తించింది. మేము ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి, ఇక లాభం లేదని నీళ్ల కోసం దిగే మనుషులం. ఆ మాట ఒక న్యాయమూర్తి రాశారని విన్నప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి.

2019లో ఒక బస్సు డ్రైవరు విషయంలో కూడా అలాగే జరిగింది. ట్రిప్పు అయిపోయాక బస్సు దగ్గరే ఉండవలసినవాడు, బస్సు పైన భోజనం చేసి దిగుతూ పడి చనిపోయాడు. డ్యూటీ అయిపోయిందన్నారు. కాని తెల్లవారితే బండి తీయవలసినవాడు బండి దగ్గర ఉండడం యజమాని అవసరమేనని సుప్రీంకోర్టు పరిహారాన్ని నిలబెట్టింది.

నా దగ్గర పనిచేసిన క్లీనరు ఒకడు టార్పాలిన్ కడుతూ లోడు మీద నుంచి పడి చనిపోయాడు. మా యజమాని ఆ కుర్రవాడి తల్లికి యాభై వేలు ఇచ్చి, స్టాంపు పేపరు మీద "ఇక ఏ బాకీ లేదు" అని వేలిముద్ర వేయించుకున్నాడు. సాక్షిగా నా చేత కూడా సంతకం పెట్టించాడు. ఆ సంతకం నేను పెట్టకుండా ఉండవలసింది. అలాంటి కాగితం చెల్లుతుందా?

పాత_గుమస్తా:
చెల్లదు. మరణ కేసులో పరిహారాన్ని కమిషనర్ వద్దనే డిపాజిట్ చేయాలని ఎనిమిదో సెక్షన్ నిర్బంధంగా చెబుతుంది. చేతికి ఇచ్చిన డబ్బు పరిహారం చెల్లించినట్టు కాదు. మూడు నెలల జీతానికి మించకుండా ఆశ్రితులకు ముందుగా ఇచ్చిన మొత్తాన్ని మాత్రం తరువాత తగ్గించుకోవచ్చు. హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం 17వ సెక్షన్ కింద శూన్యం.

ఇలా డిపాజిట్ చేయించడం ఎందుకని అడిగేవారు ఉంటారు. భర్త పోయిన నెలలో ఇంటికి వచ్చే డబ్బు మీద ఎందరి కళ్లు ఉంటాయో, కార్యాలయపు వరండాలో కూర్చున్నవారికి తెలుస్తుంది. భార్యకు, తల్లికి, ప్రతి బిడ్డకు ఎంతెంత అన్నది కమిషనర్ విడివిడిగా నిర్ణయించి, మైనర్ల వాటాను వారి పేరుమీద బ్యాంకులో వేయిస్తారు.

లెక్కల_టీచరు:
గట్టుమీది చెట్టు గారి చెల్లెలికి ఎంత రావచ్చో లెక్క వేశాను. మరణ పరిహారం అంటే నెల జీతంలో 50 శాతాన్ని నాలుగో షెడ్యూలులోని వయసు గుణకంతో హెచ్చించాలి. 35 ఏళ్లకు గుణకం 197.06. అసలు జీతం రూ. 23,400 అయినా, 2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం రూ. 15,000. కాబట్టి 7,500ను 197.06తో హెచ్చిస్తే రూ. 14,77,950 వస్తుంది. అంత్యక్రియల ఖర్చు రూ. 5,000కు తగ్గకుండా వేరే.

2020కి ముందు గరిష్ఠ జీతం రూ. 8,000 మాత్రమే. అదే వయసుకు అప్పుడు రూ. 7,88,240 వచ్చేది. 2019లో ప్రమాదం జరిగిన కేసు ఈ రోజు తేలినా పాత పరిమితే వర్తిస్తుందా?

నల్లకోటు:
పాతదే వర్తిస్తుంది. ప్రమాదం జరిగిన రోజున అమలులో ఉన్న లెక్కే ప్రమాణమని 1999లో ఒకసారి, 2020 ఫిబ్రవరిలో మరొకసారి సుప్రీంకోర్టు చెప్పింది. 2020 కేసులో, చట్టంలో ఉన్న రూ. 4,000 పరిమితిని 2009 సవరణ తొలగించింది కదా, అంతకు ముందరి ప్రమాదాలకూ ఆ మేలు ఇవ్వండని అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. న్యాయంగా చూస్తే అది కుటుంబాలకు నష్టమే, ఈ భాగం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. కాని ఆ ప్రమాద తేదీయే వడ్డీ దగ్గర మాత్రం కార్మికుడికి అండగా నిలుస్తుంది.

4-ఎ సెక్షన్ ప్రకారం పరిహారం బాకీ పడిన తేదీ నుంచి నెల లోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. అసలు బాకీ ఎప్పుడు పడినట్టు? కమిషనర్ తీర్పు చెప్పిన రోజునా, ప్రమాదం జరిగిన రోజునా? 1975 డిసెంబరులో నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక వడ్రంగి కేసులో, ప్రమాదం జరిగిన క్షణంలోనే బాధ్యత పుడుతుందని చెప్పింది. ఒడిశాలోని జేపూరులో సినిమా హాలులో నగిషీ పని చేస్తూ పడిపోయి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆయన. అంత స్పష్టంగా చెప్పిన తరువాత కూడా మధ్యలో రెండు చిన్న ధర్మాసనాలు తీర్పు తేదీ నుంచి వడ్డీ అన్నాయి. ఆ గందరగోళంలో బీమా కంపెనీలు ఏళ్ల తరబడి వడ్డీ ఎగ్గొట్టాయి. 2012లో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మాటే శిరోధార్యమని తేల్చింది. 2022 జనవరిలో, మళ్లీ అదే ఏడాది మార్చిలో కూడా వడ్డీ ప్రమాద తేదీ నుంచేనని పునరుద్ఘాటించింది.

లెక్కల_టీచరు:
అలాగైతే రూ. 14,77,950 మీద ఏడాదికి 12 శాతం అంటే నెలకు ఒక శాతం, సుమారు రూ. 14,780. కేసు సాగిన ప్రతి నెలా అంత మొత్తం కుటుంబానికి జమ అవుతుందన్నమాట. మీరు పైన చెప్పిన కాపలాదారుడి కేసులో రూ. 3,26,140 మీద వడ్డీయే ఏడాదికి 39 వేలకు పైగా. 22 ఏళ్లకు అది అసలును రెండున్నర రెట్లు దాటుతుంది. అయినా పిల్లల చదువుకు కావలసిన రోజున అందని డబ్బుకు ఏ వడ్డీ సరిపోతుందో నాకు తెలియదు.

చిన్న_వర్క్‌షాప్:
నేను అవతలి పక్షం నుంచి మాట్లాడుతున్నందుకు మన్నించండి. నాకు తొమ్మిది మంది పనివాళ్లున్న చిన్న వర్క్‌షాపు ఉంది. మా ఆవరణలో యంత్రాలకు గార్డులు పెట్టించగలను, కళ్లద్దాలు ఇవ్వగలను. కాని రోడ్డు మీద నా మనిషి బండి ఎలా నడుపుతాడో నేను ఎలా చూడగలను? పద్నాలుగు లక్షలు ఒకేసారి కట్టమంటే నేను వర్క్‌షాపు మూసుకోవాలి. మిగతా ఎనిమిది మంది పని కూడా పోతుంది. ఈ తీర్పు మా వంటివారి గురించి ఆలోచించిందా?

నల్లకోటు:
మీ ఆందోళనను నేను తేలికగా తీసుకోవడం లేదు. చట్టం బాధ్యతను యజమాని మీద పెట్టినా, దాని బరువు బీమా మోయాలన్నది ఈ ఏర్పాటులోని ఉద్దేశం. తొమ్మిది మందికి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోండి. తీసుకునేటప్పుడు మూడు సంగతులు చూడండి. ప్రతి ఒక్కరి నిజమైన జీతమూ పాలసీలో రాయించండి, ప్రీమియం తగ్గుతుందని తక్కువ చూపించవద్దు. వడ్డీ కూడా పాలసీలో చేరిందో లేదో చదవండి, ఎందుకంటే వడ్డీని మినహాయిస్తూ బీమా కంపెనీ ఒప్పందం రాసుకోవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. రాకపోకల ప్రమాదాల సంగతి కూడా రాతపూర్వకంగా అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ప్రమాదం జరిగిన తేదీ నుంచి నెల లోపే డబ్బు డిపాజిట్ అయ్యేలా చూడండి. ఆలస్యానికి తగిన కారణం లేకపోతే కమిషనర్ 50 శాతం వరకు అపరాధ రుసుము వేయవచ్చు. దానిని బీమా కంపెనీ కట్టదు, మీ జేబులోంచే పోతుందని 1997 నాటి తీర్పు.

చిన్న_వర్క్‌షాప్:
ధన్యవాదాలండీ. మా పాలసీ తీసి చూశాను. అందులో ఆరుగురి పేర్లే ఉన్నాయి, జీతాలు కూడా నాలుగేళ్ల కిందటివి. రేపే ఏజెంటును పిలుస్తాను.

లేత్_మెషిన్:
నా ప్రశ్న మరణానికి సంబంధించినది కాదు, అయినా ఇక్కడే అడుగుతున్నాను. లేత్ మీద పనిచేస్తుండగా నా కుడి చెయ్యి నలిగి, మణికట్టు బిగుసుకుపోయింది. చెయ్యి ఉంది, వేళ్లూ ఉన్నాయి, కాని పట్టు లేదు. మైక్రోమీటరు పట్టుకుంటే జారిపోతుంది, టూల్ బిగించలేను. వైద్యుడు 40 శాతం వైకల్యం అని రాశారు. నాకు లేత్ తప్ప వేరే పని రాదు, ఇరవై ఏళ్లు అదే చేశాను. 40 శాతానికే పరిహారం అంటున్నారు. మిగిలిన 60 శాతం చేతితో నేను ఏ పని చేయాలి?

నల్లకోటు:
మీరు అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. శరీర వైకల్యం వేరు, సంపాదన సామర్థ్యం పోవడం వేరు. నేను పైన చెప్పిన జేపూరు వడ్రంగి కేసులో అసలు తగాదా ఇదే. ఒక్క చెయ్యే కదా పోయిందని యజమాని వాదించాడు. ఒంటి చేతితో వడ్రంగం సాగదు కాబట్టి ఆయన తాను చేస్తున్న పనికి పూర్తిగా అనర్హుడయ్యాడని, నష్టం 100 శాతమేనని కోర్టు నిలబెట్టింది. 2008లో ట్యాంకరు డ్రైవరు ఒకరికి మోకాలి వరకు కుడి కాలు తీసివేశారు. హైకోర్టు 65 శాతానికి తగ్గిస్తే, కాలు లేని మనిషి ట్యాంకరు నడపలేడని సుప్రీంకోర్టు మళ్లీ 100 శాతం చేసింది.

మొదటి షెడ్యూలులో పేర్కొన్న గాయాలకు శాతాలు రాసి ఉన్నాయి. బొటనవేలు పోతే 30, ఒక కన్ను పోతే 40. మీ గాయం అందులో లేదు కాబట్టి వైద్యుడు అంచనా వేయాలి. అయితే ఆయన చేత శరీర వైకల్యం శాతం మాత్రమే రాయించుకొని వచ్చేయవద్దు. "లేత్ ఆపరేటరుగా పనిచేయడానికి ఈ వ్యక్తికి మిగిలిన సామర్థ్యం ఎంత" అన్నదాని మీద అభిప్రాయం అడగండి, విచారణలో వైద్యుడిని సాక్షిగా పిలిపించండి. మైక్రోమీటరు జారిపోతుందని ఇక్కడ రాశారే, అచ్చం ఆ మాటనే కమిషనర్ ఎదుట చెప్పండి. వాస్తవాలపై కమిషనర్ నిర్ణయమే చివరిదని, గణనీయమైన న్యాయ ప్రశ్న లేకుండా హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచి శాతం తగ్గించకూడదని 2016, 2018 తీర్పుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ కేసు గెలిచేదీ ఓడేదీ కింది విచారణలోనే, అక్కడే శ్రద్ధ పెట్టండి.

కాంట్రాక్టు_కార్మికుడు:
గట్టుమీది చెట్టు గారి చెల్లెలి భర్త నేరుగా చేరిన ఉద్యోగి. మాలాగా కాంట్రాక్టరు కింద పనిచేసేవారి సంగతి ఏమిటి? ప్రమాదం జరిగితే కంపెనీ కాంట్రాక్టరు వైపు, కాంట్రాక్టరు కంపెనీ వైపు చూపిస్తారు.

పాత_గుమస్తా:
12వ సెక్షన్ ప్రకారం అసలు యజమాని చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. కాని ఒక మెలిక ఉంది. ఆ సెక్షన్ అసలు యజమాని ఆవరణలో గాని, దాని సమీపంలో గాని జరిగిన ప్రమాదాలకే వర్తిస్తుంది. రాకపోకల ప్రమాదమైతే కంపెనీ ఈ మాటను అడ్డుపెట్టుకోవచ్చు. అందువల్ల ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, కాంట్రాక్టరును మాత్రం వదలవద్దు.

మరొక మాట. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమలులోకి వచ్చింది. రాకపోకల ప్రమాదాల నిబంధన అందులో నేరుగా రాసి ఉంది కాబట్టి, ఆ తరువాతి ప్రమాదాలకు ఈ వాదన అంతా అవసరం ఉండదు. అంతకు ముందు జరిగినవాటికి 1923 చట్టమూ, 2025 జూలై తీర్పూ ఆధారం.

స్టీరింగ్_ముప్పయ్యేళ్లు:
ఒక సందేహం. లారీయో, బస్సో గుద్ది చనిపోయి ఉంటే కూడా ఈ కమిషనర్ దగ్గరకే వెళ్లాలా?

నల్లకోటు:
అక్కడ జాగ్రత్త అవసరం. మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలి, ఒకచోట తీసుకుంటే రెండోది మూసుకుపోతుంది. ఎదుటి డ్రైవరు తప్పు రుజువు చేయగలిగితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో రూ. 15,000 పరిమితి లేదు, భవిష్యత్తులో పెరిగే సంపాదనను కూడా కలుపుతారు, కాబట్టి సాధారణంగా అక్కడ చాలా ఎక్కువ వస్తుంది. ఈ కేసులో బండి తనంతట తానే జారింది, తప్పు మోపడానికి మరొక డ్రైవరు లేడు. అందుకే ఇక్కడ కమిషనరే దారి.

గట్టుమీది_చెట్టు:
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొన్న ఫ్యాక్టరీకి వెళ్లి ఆ రోజు హాజరు వివరాలు అడిగితే ఇవ్వబోమన్నారు. ఆయన ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాడని మేము ఎలా చూపించాలి? ఇంకొక ఇబ్బంది, చెల్లెలు ఇప్పుడు పిల్లలతో మా ఊళ్లో ఉంటున్నది, ఫ్యాక్టరీ వేరే జిల్లాలో ఉంది.

పాత_గుమస్తా:
రెండో దానికి చింత లేదు. 21వ సెక్షన్ ప్రకారం క్లెయిమ్‌దారు సాధారణంగా నివసించే చోటి కమిషనర్ దగ్గర కూడా వేయవచ్చు. మీ జిల్లాలోనే వేయండి.

హాజరు రికార్డు కోసం కేసు వేసిన తరువాత పిటిషన్ పెట్టండి. సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి 23వ సెక్షన్ కింద కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. తెమ్మన్నా తేకపోతే ఆ మౌనమే వారికి వ్యతిరేకంగా లెక్కకు వస్తుంది. ఈలోపు శవ పంచనామా నకలు తెచ్చుకోండి. అందులో ఒంటి మీద, జేబుల్లో దొరికిన వస్తువులన్నీ వరుసగా రాస్తారు. దానిని ఓపికగా ఒక్కొక్క పంక్తీ చదవండి.

గట్టుమీది_చెట్టు:
పాత గుమస్తా గారూ, పోలీసు స్టేషను నుంచి పంచనామా నకలు ఈ రోజు చేతికి వచ్చింది. నాలుగో పేజీలో రాశారు: "చొక్కా కుడి జేబులో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఒకటి, క్యాంటీన్ టిఫిన్ కూపను ఒకటి, తేదీ 19-11-2024." ఆ రాత్రి షిఫ్టు వాళ్లకు ఉదయం దిగేటప్పుడు ఇచ్చే కూపను అది. తినకుండానే బయలుదేరినట్టున్నాడు. చెల్లెలు ఆ పంక్తి చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, సోమవారం లేబర్ ఆఫీసుకు తనే వస్తానంది. నల్లకోటు గారూ, కూపను అసలు ప్రతి స్టేషనులోనే ఉందట. దానిని కమిషనర్ ముందుకు ఎలా తెప్పించాలి?

నల్లకోటు:
దరఖాస్తుతో పాటు పంచనామా నకలు జతచేసి, కేసు నంబరు పడగానే స్టేషను హౌస్ ఆఫీసరు ఆ వస్తువులతో హాజరు కావాలని సమన్ల కోసం పిటిషన్ వేయండి. ఈలోపు కూపను వారి దగ్గర భద్రంగా ఉంచమని ఈ రోజే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పిటిషన్ ముసాయిదా నేను రాసి రేపు సాయంత్రం ఇక్కడే పెడతాను.